మద్దెల మార్చాలా, అక్కర్లేదా?

కంప్యూటర్ల గురించి రాయవలసిన శీర్షికలో ఉలీ సుత్తీ గొడవ ఏమిటా అని మీరు అనుకోవచ్చు. కొంచెం ఓపిక పట్టండి. ఇది నిజానికి నేను రోజూ ఆఫీసులో చేసే పని గురించే. పాత సిస్టం అలాగే ఉంచుకోవాలా, అక్కడక్కడా బాగు చేసుకోవాలా, మొత్తం తీసి పారేసి కొత్తది కొనుక్కోవాలా అని కంపెనీల వాళ్ళు అడుగుతారు. గంటకి ఇంత అని తీసుకుని సలహా చెప్పడం నా వృత్తి. సరిగ్గా అదే ప్రశ్న నా గరాజులో, నా సొంత డబ్బుతో, మా అమ్మమ్మ వెండి గిన్నె సాక్షిగా ఎదురైనప్పుడు నేనెంత తెలివితక్కువగా ప్రవర్తించానో చెప్పడమే ఈసారి విషయం.

మాది తెనాలి. చిన్నప్పుడు పెళ్ళిళ్ళ రోజుల్లో అమ్మతో స్టీలు సామాన్ల కొట్టుకి వెళ్తే, కొట్టు ముందు చిన్న పీట మీద ఒకాయన కూర్చుని గిన్నెల మీద పేర్లు కొడుతూ ఉండేవాడు. చేతిలో చిన్న ఉలి, చిన్న సుత్తి. ముందు రాసుకోవడమంటూ ఏమీ లేదు. అక్షరానికి ఇంత అని బేరం కుదిరాక టకటకా చుక్కలు పడిపోయేవి, ఆ చుక్కలు కలిసి "ఫలానా వారి బహుమతి" అయ్యేవి. అమ్మ బేరమాడుతుంటే నేను నోరు తెరుచుకుని ఆయన చెయ్యి చూస్తూ నిలబడేవాణ్ణి. ఆ తర్వాత గుర్రుమనే కరెంటు మిషన్లు వచ్చాయి, ఆ తర్వాత లేజర్ మిషన్లు కూడా వచ్చాయి.

2020లో లాక్‌డౌన్ వచ్చి అందరూ ఇంట్లో కూర్చున్నప్పుడు కొందరు రొట్టెలు కాల్చడం నేర్చుకున్నారు, కొందరు గడ్డాలు పెంచారు. నాకు ఆ పీట మీద ఆయన గుర్తొచ్చాడు. లోహం మీద చేత్తో నగిషీ చెక్కడం నేర్చుకుందామని మొదలుపెట్టాను. ఈ విద్యలో అసలు పనిముట్టు చాలా చిన్నది. గట్టి ఉక్కు కడ్డీ, దాని మొనని ఒక కోణంలో సాన పట్టి ఉంటుంది. దాన్ని లోహంలోకి గుచ్చి ముందుకి తోస్తే సన్నటి తీగలా లోహం లేచి వస్తుంది, వెనక చాలు మిగులుతుంది. 1514లో ఆల్బ్రెక్ట్ డ్యూరర్ 'మెలంకోలియా' చిత్రాన్ని రాగి పలక మీద చెక్కింది ఇలాంటి ఉలితోనే. అదే శతాబ్దంలో తిరుమలలో అన్నమయ్య కీర్తనల్ని రాగిరేకుల మీద చెక్కించారు. కరెంటు లేదు, మిషను లేదు. వేల రేకుల మీద లక్షల అక్షరాలు. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్ళీ అవసరం పడుతుంది.

చేత్తో తొయ్యడానికి బలమూ, ఏళ్ళ అభ్యాసమూ కావాలి. అందుకని ఇరవయ్యో శతాబ్దంలో గాలితో నడిచే మిషన్లు వచ్చాయి. కాన్సస్‌లో జీఆర్ఎస్, నెబ్రాస్కాలో లిండ్సే లాంటి వాళ్ళు ఈ రంగంలో పేరున్నవాళ్ళు. సూత్రం తేలికే. చేతిపిడి లోపల చిన్న పిస్టన్ ఉంటుంది. గాలి దాన్ని ముందుకీ వెనక్కీ ఆడిస్తుంది, అది ఉలి వెనక్కొచ్చి కొడుతుంది. అంటే పీట మీద ఆయన సుత్తి పిడిలోకి దూరింది, అంతే. దెబ్బల వేగం మిషను మీద పెట్టుకుంటాం, దెబ్బ బలాన్ని కాలి కింద పెడల్‌తో తగ్గిస్తాం, పెంచుతాం. కొత్త రకాల్లో కొన్నింటికి పెడల్ కూడా అక్కర్లేదు, అరచేత్తో ఎంత నొక్కితే అంత బలం.

నేను 2021లో మా ఊళ్ళోనే రిటైరైన ఒక నగల పనివాడి దగ్గర పాత మిషను ఒకటి నాలుగు వందల డాలర్లకి కొన్నాను. నాకంటే వయసులో పెద్దది. బరువైన రేకుపెట్టె, లోపల మోటారు, బెల్టు, బయటికి ఒక రబ్బరు గొట్టం, చివర చేతిపిడి. ఆన్ చేస్తే పాత మిక్సీలా అరుస్తుంది. మా ఆవిడ దానికి "మీ మావయ్య" అని పేరు పెట్టింది. ఎందుకో చెబితే మా మావయ్య ఈ పత్రిక చదువుతాడు కాబట్టి చెప్పను.

మూడేళ్ళు రాగి, ఇత్తడి పలకల మీద గీతలు గీశాను, తీగలు చెక్కాను, ఇంగ్లీషు అక్షరాలు చెక్కాను. బాగానే వచ్చాయి. కిందటేడు అమ్మ వస్తూ వస్తూ అమ్మమ్మ వెండి గిన్నె తెచ్చింది. మా అమ్మా, నేనూ, నా చెల్లెలూ అందరం అన్నప్రాశన నాడు పాయసం తిన్న గిన్నె అది. "పాప పేరు నువ్వే చెక్కరా, బయట ఇవ్వకు" అంది. అంతకంటే గౌరవం ఏం కావాలి? శనివారం పొద్దున్నే కూర్చున్నాను. పాప పేరులో మొదటి రెండక్షరాలు కుదిరాయి. చివరి అక్షరం 'ల'. సుడి తిరుగుతుండగా ఉలి చాలులోంచి ఎగిరి గిన్నె అంచుదాకా జారిపోయింది. అంగుళం పొడుగు గీత. అరవై ఏళ్ళుగా ఎవరూ గియ్యని గీత.

అమ్మ చూసి ఏమీ అనలేదు. కాసేపాగి, "గీతే కదరా, చిల్లు పడలేదుగా" అంది. తిట్టినా బాగుండేది.

ఆ రాత్రి నేను చేసిన పని ఏమిటంటే, కొత్త మిషన్ల ధరలు చూడటం. మిషను, చేతిపిడి, చప్పుడు చెయ్యని కంప్రెసరు, అన్నీ కలిపి నా లెక్కలో రెండువేల ఎనిమిది వందల డాలర్లు తేలింది. కారణాలు కూడా వరసగా తట్టాయి. పాతది, గొట్టం పగిలింది, తక్కువ వేగంలో దెబ్బ సమానంగా పడదు, ఈ రోజుల్లో ఎవరు వాడుతున్నారు ఇలాంటివి? అన్నీ నిజాలే. కొనే బటన్ మీద వేలు పెట్టబోతుంటే మా ఆవిడ వెనకనించి చూసి అడిగింది, "ఆఫీసులో కస్టమర్లకి కూడా ఇలాగే చెప్తావా? అర్ధరాత్రి ఏడుపు మొహంతో వచ్చి కొత్తది కొనెయ్యమని?"

చెప్పను. ఎవరైనా క్లయింటు "మా సిస్టం పాడైంది, కొత్తది కావాలి" అంటే నేను మొదట అడిగేది "ఏం పాడైంది?" అని. "అంతా పాతదండీ" అనేది జవాబు కాదు. ఏ పని చేస్తుంటే, ఎన్నిసార్లకి ఒకసారి, ఏ పరిస్థితిలో తప్పు జరుగుతోంది? మళ్ళీ అదే తప్పు కావాలని చేసి చూపించగలరా? చూపించలేకపోతే అది ఎక్కడుందో మీకు తెలియదు, కొత్త సిస్టంలోకి కూడా దాన్ని మోసుకుపోతారు. ఇంత చెప్పేవాణ్ణి, నా విషయానికి వచ్చేసరికి ఆడలేక మద్దెల ఓడన్నాను.

మర్నాడు ఆఫీసు పద్ధతిలోనే పెట్టుకున్నాను. మా వారాంతపు క్లాసులో డెబ్భై దాటిన ఒక రిటైరైన శిల్పి ఉన్నాడు. తుపాకుల మీద, కత్తిపిడుల మీద నగిషీ చెక్కి బతికినవాడు. ఆయన దగ్గర కొత్తరకం మిషను ఉంది. రెండు మిషన్లు, రెండు ఉలులు. ఒకటి గిన్నె మీద జారిన నా ఉలి, దాన్ని అలాగే ఉంచాను. రెండోది ఆయన సాన పట్టి ఇచ్చినది. ఒకే రాగి పలక, ఒకే సైజు 'ల', ఒక్కో జతకి పదేసి. ఒకసారికి ఒకటే మార్చాలి, అది నియమం.

పాత మిషను మీద నా ఉలి పదిలో నాలుగుసార్లు జారింది. కొత్త మిషను మీద నా ఉలి మూడుసార్లు జారింది. పాత మిషను మీద ఆయన ఉలి ఒక్కసారి జారింది. కొత్త మిషను మీద ఆయన ఉలి ఒక్కసారి కూడా జారలేదు. పదేసి అక్షరాలతో సిద్ధాంతాలు చెయ్యకూడదని నాకూ తెలుసు. కానీ రెండువేల ఎనిమిది వందల డాలర్లతో నేను కొనబోయింది నాలుగుకీ మూడుకీ మధ్య ఉన్న తేడా అని అర్థం కావడానికి ఆ మాత్రం చాలు.

ఆయన నా ఉలిని మైక్రోస్కోపు కింద పెట్టి చూపించాడు. రెండు తప్పులున్నాయి. మొన కొస వెంట్రుకంత విరిగి ఉంది, మామూలు కంటికి కనపడదు. మొన పదునుగా ఉందో లేదో తెలియాలంటే బొటనవేలి గోటి మీద ఆనిస్తారు. జారకుండా పట్టుకుంటే పదునున్నట్టు. నాది స్కేటింగు చేసింది. ఇక రెండోది అసలు తప్పు. ఉలి అడుగున మడమ అనే చిన్న ముఖం ఒకటి ఉంటుంది. అది ఉలిని లోహంలోకి మునిగిపోకుండా పైకి ఎత్తి పడుతుంది. తిన్నటి గీతలకి మడమ కాస్త పొడుగున్నా నడుస్తుంది. వంపు బిగుసుకునే కొద్దీ పొడుగు మడమ చాలు బయటి గట్టుకి ఒరుసుకుంటుంది, ఇంకా బిగిస్తే ఉలిని బయటికి తన్నేస్తుంది. నేను చేత్తో అంచనాగా సాన పట్టుకున్న మడమ ఉండవలసినదానికి రెండింతలుంది.

మూడేళ్ళూ ఈ తప్పు ఎందుకు బయటపడలేదో అప్పుడు అర్థమైంది. నేను చెక్కిన ఇంగ్లీషు అక్షరాల్లో చాలావరకు తిన్నటి గీతలే. తెలుగులో తలకట్టు తప్ప తిన్నగా ఉండేది ఏముంది చెప్పండి? అన్నీ సుడులే. నా పనిముట్టు ఇంగ్లీషులో టెస్ట్ చేసి తెలుగులో రిలీజు చేసినట్టయింది. తెలుగు సాఫ్ట్‌వేరు వాడే ఈ పత్రిక పాఠకులకి ఈ బాధ ఎలాంటిదో వేరే చెప్పక్కర్లేదు.

ఇంకో సంగతి కూడా ఉంది. గిన్నె అంచు పల్చన. కింద ఆసరా లేకపోతే దెబ్బకి రేకు ఎగురుతుంది, ఉలి కూడా ఎగురుతుంది. మన కంసాలులు పల్చటి రేకు మీద పని చేసేటప్పుడు వెనక లక్క పోసి గట్టి చేసుకుంటారు. ఆ మాట అమ్మకి తెలుసు, నాకు తెలియదు. ఫోనులో చెబితే, "లక్క పొయ్యలేదా?" అని ఆవిడే అడిగింది.

ఇక్కణ్ణించి నా అభిప్రాయం. పాత నగిషీ సామాను మార్చాలా వద్దా అనే వాళ్ళందరికీ నేను చెప్పేది ఒక వరస. మొదట సాన. తర్వాత చూపు. తర్వాత పట్టు. ఆఖర్న మిషను. కోణం కొలిచి నిలబెట్టే సాన సరంజామా, వజ్రపు పొడి పలకా రెండువందల డాలర్ల లోపు వచ్చాయి. దాంతో ఏ మిషను మీదైనా మీ పని మారుతుంది. చూపు అంటే వెలుతురూ, భూతద్దమూ. తలకి తగిలించుకునే భూతద్దాల్లో రెండున్నర రెట్లు చూపించేదానికి మొహం ఎనిమిది అంగుళాల దూరంలో పెట్టాలి, మూడున్నర రెట్ల దానికి నాలుగు అంగుళాలు. అంటే పెద్దగా చూడాలంటే మెడ వంచక తప్పదు. దూరంనించి చూడగలిగే లెన్సుతో స్టీరియో మైక్రోస్కోపు పెట్టుకుంటే మెడ తిన్నగా ఉంటుంది. పట్టు అంటే వస్తువుని పట్టుకునే బంతి ఆకారపు వైసు. వంపు చెక్కేటప్పుడు కుడిచెయ్యి ఉలిని తిప్పకూడదు, ఎడమచెయ్యి వైసుని తిప్పాలి. నా వైసులో గ్రీజు ఎండిపోయి తిరగడానికి మొరాయిస్తోంది. విప్పి కడిగి కొత్త గ్రీజు పెట్టాను. అరగంట పని, మూడేళ్ళ బద్ధకం.

ఈ వరస కంప్యూటర్లకీ వర్తిస్తుంది. 1998లో నెట్‌స్కేప్ వాళ్ళు పాత కోడు బాగాలేదని పక్కన పెట్టి మొదట్నించీ రాయడం మొదలుపెట్టారు. వెర్షన్ 5 రానేలేదు. 2000లో వెర్షన్ 6 వచ్చేలోగా ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ బజారు ఎత్తుకుపోయింది. దాని మీద జోయెల్ స్పోల్‌స్కీ అదే ఏడు రాసిన వ్యాసాన్ని మా వృత్తిలో ఇప్పటికీ చెప్పుకుంటారు. కొత్తొక వింత, పాతొక రోత అని మనవాళ్ళు ఎప్పుడో అన్నారు. పాతదానిలో తప్పులు మనకి తెలుసు, కొత్తదానిలో తప్పులు ఇంకా తెలియవు. తెలియనివి లేవనుకోవడం మనిషి స్వభావం.

అయితే ఇదంతా చదివి పాతదే బంగారమని నేను ప్రచారం చేస్తున్నానని అనుకోకండి. అది కూడా ఒక మోజే. అన్నమయ్య రాగిరేకులకి మిషను లేదు కదా, మనకెందుకు అనే వాదన వినడానికి బాగుంటుంది. ఆ రేకులు చెక్కినవాళ్ళ మణికట్టు ఎలా నొప్పెట్టిందో, కళ్ళు ఏ వయసుకి పోయాయో ఏ రేకు మీదా రాసి లేదు. నా దృష్టిలో పాత మిషను మార్చి తీరవలసిన సందర్భాలు నాలుగున్నాయి. ఒకటి, ఒళ్ళు. చెయ్యి తిమ్మిరెక్కుతున్నా, మణికట్టు నొప్పెడుతున్నా ఇంకో ఆలోచన వద్దు. రెండు, భద్రత. పాత పెట్టెల్లో కరెంటు తీగల తొడుగు పెళుసెక్కి ఉంటుంది, కొన్నిటికి ఎర్తు కూడా ఉండదు. తీగ మార్చలేకపోతే పెట్టె మార్చాలి. మూడు, విడిభాగాలు దొరక్కపోవడం. నాలుగు, మీకు కావలసిన పని అది చెయ్యలేదని రుజువు కావడం. నా పాత మిషను వెంట్రుకంత సన్నటి గీతల దగ్గర నిజంగానే తడబడుతుంది. దాని కనిష్ఠ దెబ్బ కూడా ఆ గీతకి ఎక్కువే. పాత మిషను మీద మంచి ఉలి ఒక్కసారి జారిందన్నానే, అది అక్కడే. ఈ పని మీద బతికేవాడికి అది పెద్ద లోటు. వాడికి గంట పోతే గంట కూలి పోయినట్టు, వాడి లెక్క వేరు. వారానికి నాలుగు గంటలు చెక్కే నాకు ఆ లెక్క వర్తించదు.

లేజర్ పెట్టెయ్యరాదా అని ఆఫీసులో స్నేహితుడొకడు అడిగాడు. వంద గిన్నెల మీద ఒకే పేరు వెయ్యాలంటే నేనూ లేజరే అంటాను. కానీ ఉలి కోసిన చాలుకి అద్దంలా మెరిసే గోడలుంటాయి, గిన్నె తిప్పితే వెలుగు అక్షరం మీద నడుస్తుంది. పేరు కొట్టే లేజర్ మామూలుగా వేసే మచ్చకి ఆ మెరుపు రాదు. ఏది కావాలో తేల్చుకుని కొనాలి. రెండూ ఒకటేనని ఎవరైనా చెబితే నమ్మకండి.

చివరగా మనలాంటి విదేశాల్లో ఉన్నవాళ్ళకి ఒక మాట. మనలో చాలామందికి స్వస్థలంలో చేతిపనివాళ్ళకి ఏదైనా చెయ్యాలనిపిస్తుంది. మొదట తట్టే ఆలోచన మిషను కొనిపెట్టడం. ఫోటోకి కూడా బాగుంటుంది. బిద్రీ పనివాళ్ళనే తీసుకోండి. జస్తా ఎక్కువగా, రాగి కొంచెంగా కలిపి పోతపోసిన పాత్ర మీద చేత్తో బొమ్మ గీసి, ఉలితో చెక్కి, ఆ చాళ్ళలో వెండి కూరుస్తారు. ఆఖర్న బీదరు కోట మట్టితో నలుపెక్కిస్తారు. ఆ చేతులకి ఏది కొరత అని ఎవరైనా అడిగారా? మంచి వెలుతురు కావచ్చు, కళ్ళద్దాలు కావచ్చు, నడుం వంగకుండా కూర్చునే బల్ల కావచ్చు, సరుకుకి సమయానికి డబ్బులివ్వడం కావచ్చు. అడక్కుండా పంపిన మిషను గుడ్డ కప్పుకుని మూల కూర్చుంటుంది. నేను అర్ధరాత్రి నాకు నేనే చెయ్యబోయిన పొరపాటు ఇదే. ఏం కావాలో నన్ను నేను అడగలేదు.

ఇంతకీ నేనేం చేశానంటే, గొట్టం, బెల్టు, రబ్బరు వాషర్లు, కరెంటు తీగ మార్చాను. డెబ్భై డాలర్లు. సాన సరంజామా కొన్నాను. సెకండ్‌హ్యాండు మైక్రోస్కోపు ఐదువందల యాభైకి దొరికింది. అన్నీ కలిపి కొత్త మిషను ఖర్చులో మూడో వంతు కూడా కాలేదు. పెట్టె మీద ఒక కాగితం అంటించాను. చేతిపిడి లోపలి భాగాలు దొరకనినాడు గానీ, నేను సన్నగీతల పని నెలకి నాలుగుసార్లకి మించి చేస్తున్ననాడు గానీ దీన్ని మార్చాలి, అప్పటిదాకా కొనే పేజీ తెరవకూడదు అని. సంతకం నాది, సాక్షి సంతకం మా ఆవిడది.

గిన్నె సంగతి అడుగుతారేమో. గీతని నున్నటి ఉక్కు కడ్డీతో రుద్ది చాలావరకు పూడ్చాను. దీపం ఒక పక్కనించి పడితే ఇంకా కనిపిస్తుంది. లోపల లక్క పోసి, మడమ పొట్టిగా సాన పట్టి, 'ల' పూర్తి చేశాను. పాప అన్నప్రాశన అందులోనే జరిగింది. అమ్మ తిరిగి వెళ్ళేటప్పుడు గిన్నె ఇక్కడే వదిలి వెళ్ళింది. చెల్లెలి కొడుకు పేరు కూడా చెక్కి పంపాలట. వాడి పేరులో రెండు 'ణ'లున్నాయి. పలక మీద అభ్యాసం చేస్తున్నాను.